ప్లగ్గు నా చేతిలో

మావారి ఆఫీసులో ఎవరో గ్యారేజీ ఖాళీ చేస్తున్నారట. ఈయన వెళ్ళి 200 డాలర్లిచ్చి ఒక పాత పాక్‌మాన్ యంత్రం మోయించుకొచ్చారు. నిలువెత్తు చెక్క బీరువా, వెలిసిపోయిన పసుపు బొమ్మలు. 1980లో జపాన్‌లో పుట్టి, మిడ్‌వే కంపెనీ ద్వారా అమెరికా అంతా పాకిన ఆట. నాకంటే ఓ ఏడాది పెద్దది. బట్టలకే చోటు లేదు, ఈ బీరువా ఎందుకండీ అంటే నవ్వేసి ఊరుకున్నారు.

నాణెం వేసి బటన్ నొక్కితే పాట వస్తోంది, గవ్వల చప్పుడులా టకటకా వినిపిస్తోంది. బొమ్మ మాత్రం లేదు. తెర మధ్యలో పైనుంచి కిందికి ఒక సన్నటి వెలుగు గీత, అంతే. మావారు ఫోనులో వీడియోలు చూడ్డం మొదలుపెట్టారు.

అప్పటికి మా అత్తయ్యగారూ మామయ్యగారూ డాలస్ వచ్చి నెల. పెద్దవాళ్ళని ఇక్కడికి రప్పించుకున్నవాళ్ళకి ఆ రెండో నెల సంగతి తెలుసు. చూడాల్సినవన్నీ చూసేస్తారు, వీధిలో మనిషి కనపడడు. మామయ్యగారు రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "అమ్మాయ్, ఏమైనా పనుందా?" అనేవారు. నేను చిక్కుడుకాయలు చేతికిచ్చేదాన్ని. తణుకులో ముప్ఫై ఏళ్ళు టీవీ రిపేరు షాపు నడిపిన మనిషి. ఫ్లాట్ టీవీలొచ్చాక షాపు మూసేశారు. నిరుడు చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి ఇంట్లో బల్బు మార్చడానికి కూడా ఎవరూ ఆయన్ని స్టూలు ఎక్కనివ్వరు.

ఆ గీత చూడగానే ఆయన ముఖం మారింది. "ఇదేదో తిరకాసుగా ఉందిరా" అన్నారు. టీవీలో అడ్డగీత మిగిలితే వర్టికల్ సెక్షన్ పోయినట్టట. నిలువు గీత అంటే హారిజాంటల్ పోయినట్టు. కానీ ట్యూబుకి హైవోల్టేజీ తయారయ్యేదే హారిజాంటల్ వైపు. అది పోతే అసలు వెలుగే రాకూడదు. మరి ఇది వెలుగుతోందేం? రాత్రి భోజనంలో కూడా అదే ఆలోచన. పెరుగన్నంలో రెండోసారి ఉప్పు వేసుకున్నారు.

తెల్లారి వెనక తలుపు తీసి చూసి, పెద్దగా నవ్వారు. ట్యూబుని పక్కకి తిప్పి బిగించారు! ఆ ఆట చిట్టడవి పొడుగ్గా ఉంటుంది కదా, అందుకని. అంటే అది అడ్డగీతే, నిలబెట్టారంతే. వర్టికలే పోయింది.

"నాన్నా, మీరు ముట్టుకోకండి. నేను చూస్తాను" అన్నారు మావారు. ఆయన భయం ఆయనది. అలాంటి ట్యూబులో 20,000 వోల్టుల దాకా ఉంటుందట. మామయ్యగారు ఏమీ అనకుండా లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నారు. ఆ కూర్చోవడం నేను చూడలేకపోయాను. మావారిని పక్కకి పిలిచి చెప్పాను: "ఆయన్ని చెయ్యనివ్వండి. ప్లగ్గు పీకి నా చేతిలో పట్టుకుంటాను. పనయ్యేదాకా వదలను."

అది విని మామయ్యగారు, "ప్లగ్గు నీ చేతిలో ఉన్నా ట్యూబులో కరెంటు ఉంటుందమ్మా" అని అప్పుడు పాఠం మొదలుపెట్టారు. ఉంగరం తీశారు, వాచీ తీశారు. ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, రెండో కొస ఇనప ఫ్రేముకి తగిలించారు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలట, కరెంటు రెండు చేతుల మధ్యగా గుండెలోంచి పోకుండా. లుంగీకి జేబెక్కడిది? నడుం వెనక్కి పెట్టుకున్నారు. ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవరు మొన తోశారు. టక్! నా చేతిలో ప్లగ్గు ఉన్నా నేను ఎగిరిపడ్డాను. ఆయన చెయ్యి ఆ క్షణంలో వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

సోల్డరింగ్ దగ్గర వణికింది. బోర్డు మీద పిన్నుల చుట్టూ సీసం పగిలి, భూతద్దంలో సన్నటి వలయాలు కనిపించాయి. ఐరన్ కొస ఒక చోట నిలవట్లేదు. రెండుసార్లు ప్రయత్నించి, పక్కనే ఉన్న మా పదమూడేళ్ళవాడికి ఇచ్చేశారు. "నువ్వు పట్టుకో, నేను చెప్తాను." వాడికి తెలుగు అంతంతమాత్రం, ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. "వేడి ముందు పిన్నుకి, సీసం తర్వాత" అన్నది మాత్రం ఇద్దరికీ బాగానే అర్థమైంది.

గీత సగం విచ్చుకుంది, పూర్తిగా కాదు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాలన్నారు. వాటి సెట్టు పోస్టులో తెప్పించాం. మైనస్ గీత ఎటుందో ప్రతిదానికీ మనవడిచేత పైకి చదివించి మరీ అతికించారు. ఆ ఆదివారం సాయంత్రం నీలం గోడలు తెరనిండా పరుచుకున్నాయి. అత్తయ్యగారు మొదటి దెయ్యానికే దొరికిపోయి, మిషన్లోనే ఏదో లోపముందన్నారు.

ఈ వార్త పాకి, మావారి స్నేహితుడొకాయన ఫోను చేశారు, వాళ్ళ గ్యారేజీలోనూ ఒకటి చీకటిగా పడుందట. మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ "ఎంత అడగమంటావురా?" అన్నారు. విజిటర్ వీసా మీద డబ్బు తీసుకోకూడదు నాన్నా, అని మావారు కంగారుపడ్డారు.

"కాఫీ అయినా ఇస్తారా వాళ్ళు?" అని అత్తయ్యగారు లోపల్నుంచి అడిగారు.