ఆర్మూరు పసుపు కళ్ళములు

నిజామాబాదునుండి బస్సులో ఆర్మూరు చేరుసరికి మొట్టమొదట కంటబడునది బండరాళ్ళ గుట్ట. దానిపై నవనాథ సిద్ధేశ్వరుని గుడి కలదు. ఆరును మూడును గూడిన తొమ్మిదిమంది సిద్ధులవలననే ఈ యూరికి ఆ పేరు వచ్చినదని ఇచటివారు చెప్పుదురు. గుట్ట దిగినపిమ్మట పరిసర గ్రామములు చూడబోతిమి. అది ఫాల్గుణమాసము. ఎటుచూచినను పసుపు కళ్ళములే. గాలియందును ఆ వాసనయే.

మనము గడపకు పూయు పసుపువెనుక నెంత శ్రమ యున్నదో అచట తెలిసినది. ఎనిమిది తొమ్మిది నెలలు పెంచి, త్రవ్వి, ఉడికించి, పది దినములకు పైగా ఎండబెట్టి, పిదప మెరుగుపెట్టుదురు. త్రవ్వితిమికదా యని పచ్చికొమ్ములు కుప్పపోసి యుంచినచో బూజుపట్టి చెడును.

కొమ్ములు తిరుగవేయుచున్న యొక వృద్ధురాలితో మాటలాడితిని.

“అవ్వా, ఆ తుపాకుల కాలమున మీరెట్లుంటిరి?” అని యడిగితిని.

“ఓ యేడు ఆరేడు నెలలు నిమ్మలంగున్నం బిడ్డా. రాత్రి తలుపు కొడితె భయం లేకుండె. మల్ల అంత మొదటికొచ్చె. ఆ ఎనుకనే నా కొడుకు పోయిండు” అనెను.

ఎవరి తూటా యని నేనడుగలేదు, ఆమెయు చెప్పలేదు.

ఆమె చెప్పిన యేడు 2004. ఎస్.ఆర్. శంకరన్ గారి పౌరస్పందన వేదిక యేండ్లతరబడి చేసిన కృషికి తోడు, ఆ యేటి యెన్నికలపిదప జూన్ మాసమున కాల్పులు నిలిచెను. అక్టోబరు 15 మొదలు 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వమును నక్సలైటు నాయకులును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడిరి. భూమి పంపకమును గూర్చి ప్రస్తావించిరి. కాని ఆయుధములతో గ్రామములు తిరుగుట విషయమున సమ్మతి కుదురలేదు. రెండవవిడత చర్చలు జరుగనేలేదు. 2005 జనవరిలో నక్సలైటులు చర్చలనుండి వైదొలగిరి. ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డిగారు హతులైరి. వెంటనే నిషేధము మరల వచ్చెను.

సోదరీమణులారా, తుపాకి మ్రోగకుండుట త్రవ్వి తీసిన పచ్చిపసుపువంటిది. అది నిలువయుండవలెనన్న మరికొంత పని కావలెను. ఒడంబడిక తప్పినవారెవరో తేల్చు మధ్యవర్తి యుండవలెను. ఆయుధము దించినవానికి గౌరవముగా బ్రతుకు త్రోవ చూపవలెను. కలహమునకు మూలమైన భూమితగవు తీరవలెను. మిజోరాములో 1986 జూన్ 30న వ్రాసుకొన్న ఒడంబడిక నిలిచినది. ఆయుధములు విడిచిన లాల్‌డెంగా ముఖ్యమంత్రి యయ్యెను. 1987లో ఆ ప్రాంతమునకు రాష్ట్రహోదాయు లభించెను. తెలుగునాట మొదటిపని జరిగినది, తక్కినది జరుగలేదు.

వచ్చునపుడు ఆ యవ్వ గుప్పెడు కొమ్ములు నా కొంగున పోసి, “మంచిగెండినయి బిడ్డా, ఏండ్లున్నా చెడవు” అనెను. అవి యిప్పటికిని మాయింట నున్నవి.