వేప – కరివేప

మా ఇంటి ముంగిట ఒక వేపచెట్టు, పెరటిలో బావిగట్టున ఒక కరివేపచెట్టు ఉండేవి. పేర్లను బట్టి అవి అక్కచెల్లెళ్ళని చిన్నతనంలో నమ్మేవాడిని. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి చేరిన మా మేనత్త చేతిమీదుగానే ఇంటి వంటంతా జరిగేది.

“అత్తయ్యా! చేదు చెట్టుకూ, కమ్మని చెట్టుకూ ఒకే పేరేమిటి?” అని ఒకనాడు అడిగాను.

“ఆకు చూడు నాయనా, వేపాకు లాగే లేదూ? రంగే కాస్త ముదురు. కరి అంటే నలుపు. అందుకే కరివేప” అన్నది.

కన్నడిగుల ‘కరిబేవు’కూ ఇదే అర్థం. తమిళంలో ‘కరి’ అంటే కూర కూడా కనుక, కూరలో వేసే వేప అని చెప్పేవారూ ఉన్నారు.

కళాశాలలో వృక్షశాస్త్రం చదివినప్పుడు నా నమ్మకం చెదిరింది. వేపకు దగ్గరి బంధువు తురకవేప. కరివేప నిమ్మ, మారేడుల కుటుంబానికి చెందినది. వాటి చుట్టరికం పేరులోనిదే. వేప శాస్త్రీయ నామమైన ‘అజాడిరక్టా’కు మూలం పారశీక పదం, స్వేచ్ఛావృక్షమని దాని అర్థం. కరివేప పేరులోని ‘కోనిగీ’ మాత్రం కోనిగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుని స్మారకం. ఆయన 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

పేరు కలిసినా ఆ రెండు చెట్లకూ దక్కిన గౌరవం ఒకటి కాదు. వేప మొదలుకు పసుపు కుంకుమలు పెట్టేవారు; ఉగాదినాడు దాని పువ్వును కళ్ళకద్దుకొనేవారు. కరివేపను నిత్యం దూసుకొనేవారే గాని చెంబెడు నీళ్ళు పోసినవారు అత్తయ్య తప్ప వేరొకరు లేరు. కూరకు వాసననిచ్చిన ఆకును కంచం అంచుకు నెట్టేవాళ్ళం.

మా అక్క పెళ్ళికి అత్తయ్య పదిరోజులు వంటశాలలోనే శ్రమించింది. ముహూర్తవేళ ఆమెను పందిరిలోకి రావద్దన్నారు. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చొని ఉన్నది. “వేపకు పూజ, కరివేపకు పోపు. ఎవరి రాత వారిది నాయనా” అని నవ్వింది. నేను బదులు చెప్పలేక పందిరిలోకి తిరిగి వెళ్ళిపోయాను. ఆ మౌనం నన్ను ఏళ్ళ తరబడి బాధించింది.

నా వివాహంలో తొలి అక్షతలు ఆమె చేతనే వేయించాను. కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. తలపై అక్షతలు వేసి దీవిస్తున్న ఆ చేతివేళ్ళకు ఇంకా కరివేపాకు వాసన ఉన్నది.