బస్సు ఒంటి మీద గీతలు

రాత్రి తొమ్మిది దాటాక దిల్‌సుఖ్‌నగర్ చూడాలి. మెట్రో స్తంభాల పక్కన బ్యాగులు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు, పచ్చడి సీసాలు సర్దిన అట్టపెట్టెను బిడ్డలా పట్టుకున్న తల్లులు, ‘విజయవాడ... ఏలూరు... రాజమండ్రీ’ అంటూ పాటలా పిలిచే క్లీనర్లు. ఒక్కో బస్సూ పెళ్లికూతురిలా మెరుస్తూ వచ్చి ఆగుతుంది. ఎక్కేవాళ్లు ఏం చూస్తారు? నంబరు చూస్తారు, ఏసీ ఉందో లేదో చూస్తారు, కిటికీ సీటు దొరికిందా అని చూస్తారు.

నేను మాత్రం బస్సు వీపు చూస్తున్నాను. వెనక మూలన సన్నటి గీతలేమైనా ఉన్నాయా, రంగు ఒక్కచోట ఎక్కువగా మెరుస్తోందా అని. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ఈ పిచ్చి నాకు పోయిన వేసవిలో పట్టుకుంది. పట్టించింది మా బావమరిది.

సూర్యాపేట దగ్గర ఉన్న అర ఎకరం అమ్మేసి వచ్చాడు. ‘బావా, వ్యాన్ కొంటున్నా’ అన్నాడు. మామూలు వ్యాన్ కాదట. లోపల మడిచే మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఉన్న బండి. కుటుంబాలను శ్రీశైలం, తిరుపతి, అరకు తిప్పి అద్దె తీసుకుంటాడట. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూశాడు. తెల్లటి ఒళ్లు, నీలం చార. అద్దంలా ఉంది. ‘ఒక్క గీత లేదు బావా!’ అన్నాడు. పొలం డబ్బు కదా, నాకు గుండె పీచుపీచుమంది. ఒకసారి ఎవరికైనా చూపిద్దాం అన్నాను. అలా మొదలైంది మా ప్రయాణం.

మూడు స్టేషన్ల దూరం

దిల్‌సుఖ్‌నగర్ అంటే చాలామందికి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చవకగా దొరికే బట్టలు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మలక్‌పేట వైపు భూములున్న జాగీర్దారు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్‌ది. ఆయన పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు బజారయ్యాయి. ఎల్బీనగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలిసింది. ఒకప్పుడు విడిగా మున్సిపాలిటీ, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. రెండింటి మధ్యా మెట్రోలో మూడే స్టేషన్ల దూరం. దిల్‌సుఖ్‌నగర్ ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్. 2018 సెప్టెంబరు 24న ఈ రైలు పరుగు మొదలైంది. కొత్తపేటలో మామిడిపళ్ల వాసనతో ఆగిపోయే ట్రాఫిక్ ఇప్పుడు లేదు. పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ దారి పట్టండి. పాత లెక్కలో తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. వనస్థలిపురం దాటాక ఒకవైపు మహావీర్ హరిణ వనస్థలి, మనమంతా పిలుచుకునే జింకల పార్కు. ఆ దగ్గర్లోనే ఆటోనగర్. లోపల జింకలు మేస్తుంటాయి, బయట సుత్తులు మోగుతుంటాయి. గ్యాస్ కట్టర్ మెరుపులు, గ్రీజు మట్టి, చాయ్ గ్లాసులు, విప్పేసిన ఇంజన్లు. మా బావమరిది మెరిసే వ్యాన్ వెళ్లి ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది.

గాజు దారాల చొక్కా

షెడ్డు పెద్ద మేస్త్రి అరవై దాటినవాడు. నెత్తిన గుడ్డ, చేతుల నిండా తెల్లటి పొడి. వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ‘రేకు అనుకున్నరా సార్? ఇదంతా ఫైబర్’ అన్నాడు.

ఫైబర్ అంటే మనవాళ్లకు ప్లాస్టిక్. నిజానికి అది గాజు! కరిగిన గాజును వెంట్రుక కన్నా సన్నటి పోగులుగా తీస్తారు. ఆ పోగులు చాపలా పరిచి, జిగురులాంటి రెజిన్ పోస్తారు. రెజిన్‌లో నూటికి ఒకటి రెండు వంతులు హార్డనర్ కలిపితే కాసేపటికి వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. అమెరికాలో ఓవెన్స్ కార్నింగ్ సంస్థ 1938లో పుట్టింది ఈ గాజు పోగుల మీదే. మొదట పడవలకు, తర్వాత కార్లకు ఎక్కింది. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ కారు ఒళ్లంతా ఫైబరే. తుప్పు పట్టదు, బరువు తక్కువ, ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరుగుతుంది. అందుకే మన బస్సుల ముఖం, వీపు ఎక్కువగా దీంతోనే చేస్తారు. విదేశాల్లో ఇల్లులాంటి బండ్లకైతే పక్క గోడలు కూడా ఇవే. ఫైబర్ షీటు వెనక ప్లైవుడ్ అతికించి నిలబెడతారు. మా వ్యాన్‌కూ అదే పద్ధతి.

చేసే తీరు మన అప్పడాల పీట వ్యవహారంలా ఉంటుంది. ముందు అచ్చు. అచ్చుకు మైనం రాయాలి, లేకపోతే అంటుకుపోతుంది. దాని మీద మొదట పోసే రంగు పూతే జెల్‌కోటు. మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. మనకు బయట కనిపించే మెరుపంతా ఆ అర మిల్లీమీటరే! ఆపైన గాజు చాప, రెజిన్, మళ్లీ చాప. రోలర్‌తో గాలి బుడగలు నొక్కేయాలి. నొక్కకపోతే? ఎండకు బుడగ పగిలి చిన్న గుంట పడుతుంది.

మచ్చలకూ భాష ఉంది

మేస్త్రి మమ్మల్ని అక్కడే ఉన్న ఒక పాత బస్సు దగ్గరకు తీసుకెళ్లాడు. వీపు మీద వేలు పెట్టి పాఠం చెప్పాడు.

సాలెగూడులా ఒకే చోటు నుంచి అన్ని వైపులా పాకిన సన్నటి గీతలుంటే, ఎవడో ఎప్పుడో గుద్దాడు. లేదా పూత మందంగా పడింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా గీత వస్తే, బండి గోతుల్లో ఊగినప్పుడల్లా అక్కడే ఒత్తిడి పడుతోంది. నీరెండలో పక్క నుంచి చూస్తే లోపలి చాప నేత బట్ట మీద నేతలా కనిపిస్తోందా? అది రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల. ముదురు రంగు బండి ఎండను ఎక్కువ పీలుస్తుంది గనక దాని మీద ఇంకా బాగా కనపడుతుంది. చెయ్యి రాస్తే సున్నంలా తెల్లపొడి అంటితే ఎండ పూతను తినేసింది.

‘గివన్నీ ముసలితనం ముడతల్లాంటివి సార్. వీటితో ఎవ్వడు చావడు. గీతను కొంచెం చెక్కి, జెల్‌కోటు నింపి, నీళ్ల కాగితంతో నాలుగొందల నంబరు, ఆరొందలు, వెయ్యి వరుసగా రుద్దితే పోతయ్. పైన పాలిష్ కొడితే మళ్లీ పెండ్లికొడుకే’ అన్నాడు.

మా బావమరిది ముఖం వికసించింది. ‘నా బండికి ఆ ముడతలు కూడా లేవుగా!’

‘అదే నా భయం’ అన్నాడు మేస్త్రి.

రూపాయి బిళ్ల పరీక్ష

జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. వ్యాన్ ముందు వైపు టక్ టక్ కొట్టాడు. గట్టిగా, శుభ్రంగా మోగింది. పక్క గోడ మీదికి వెళ్లాడు. టక్ టక్. వంటగట్టు కిటికీ కింద కొట్టేసరికి ‘బొద్... బొద్’ అంది. పండని పనసకాయ మీద తట్టినట్టు. మేస్త్రి బిళ్లతో కొట్టుకుంటూ సుద్దముక్కతో గీత గీస్తూ పోయాడు. బొద్దు శబ్దం వచ్చినంత మేరా చుట్టేస్తే జానెడు వెడల్పున, కిటికీ నుంచి చక్రం పైదాకా ఒక దేశపటం తయారైంది.

విషయం ఇదీ. కిటికీ రబ్బరు సందులోంచి వాన నీరు దిగింది. లోపలి ప్లైవుడ్ నాని కుళ్లింది. జిగురు వదిలేసింది. ఫైబర్ షీటు ఒంటికి అంటని చొక్కాలా వేలాడుతోంది. వెనక మూలన అయితే శబ్దం మొద్దుగా వచ్చింది. అక్కడ గట్టిగా గుద్దుకున్నాక పుట్టీ దట్టంగా పెట్టి, దాని మీద కొత్త రంగు కొట్టారు. పైన పటారం, లోన లొటారం!

‘పైన గీత కనపడితే మనిషి నిజం చెప్తున్నట్టు సార్. కనపడకుండ చేసిండంటే అడగాలె, ఏం దాచినవని’ అన్నాడాయన. మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. అర ఎకరం ఆ సుద్ద గీతల మధ్య కనిపించి ఉంటుంది.

మెరుగు పెట్టే చేతులు

చాయ్ తాగుతూ మేస్త్రి చేతులు చూశాను. గాజు నూగు చర్మంలో దిగి దురద. ఇంటికెళ్లగానే చన్నీళ్లే పోసుకోవాలట, వేడినీళ్లు పోస్తే నూగు ఇంకా లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. రెజిన్ వాసనకు తల దిమ్మెక్కుతుంది. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కుర్రాళ్లకు మాస్క్ ఇస్తే మెడకు వేసుకుని తిరుగుతారని విసుక్కున్నాడు. మనం మెచ్చుకునే మెరుపు వెనక ఈ దురద ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇల్లులాంటి బండి మన తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి చైతన్యరథంగా ఊరూరా తిరిగారు. షూటింగుల దగ్గర తారల క్యారవాన్లు చూస్తూనే ఉన్నాం. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. రేపు మన కుటుంబాలూ ఇలాంటి బండ్లెక్కుతాయి. అందుకే ఒక మాట గుర్తుంచుకోవాలి. మామూలు పాలిస్టర్ రెజిన్ మండుతుంది, నల్లటి పొగ కక్కుతుంది. మంటను ఆలస్యం చేసే రకం రెజిన్ వేరే ఉంటుంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర, 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలో బస్సులు తగలబడిన తెల్లవారుజాములు మనం మరిచిపోలేం. పాలెంలో ఒక్కచోటే 45 మంది పోయారు. ఆ ప్రమాదాల కారణాలు వేరు కావచ్చు. కానీ బండి ఎక్కేటప్పుడు అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, అద్దం పగలగొట్టే సుత్తి చోటులో ఉందా అని చూడటం పాలిష్ చూడటం కన్నా ముఖ్యం.

గీతలున్న బండి

ఆ వ్యాన్ కొనలేదు. రెండు నెలల తర్వాత ఇంకొకటి దొరికింది. రంగు వెలిసింది, వెనక మూలన సాలెగూడు గీతలున్నాయి, డోరు దగ్గర చెయ్యి పెడితే తెల్లపొడి అంటింది. మా అక్కయ్య చూసి ‘ఇదేం బండిరా, మశూచి పోసినట్టుంది’ అంది. మేస్త్రి మాత్రం రూపాయి బిళ్లతో ముందు నుంచి వెనక దాకా కొట్టుకుంటూ వెళ్లి, ప్రతిచోటా గట్టి శబ్దం విని తల ఊపాడు. కూలీ ఇవ్వబోతే చాయ్ డబ్బులే తీసుకున్నాడు.

మొదటి ప్రయాణం యాదగిరిగుట్టకు, అందరం కలిసే. ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కన ఒక ట్రావెల్స్ బస్సు అద్దంలా తళతళలాడుతోంది. మా పిల్లవాడు దాన్ని చూసి, మా బండి చూసి, ‘మామయ్యా, మనది ఎప్పుడు రంగు వేయిస్తావు?’ అన్నాడు.

మా బావమరిది స్టీరింగ్ మీద చెయ్యి వేసి నవ్వాడు. ‘గీతలు అలాగే ఉండనీరా’ అన్నాడు. ‘కొత్త గీత పడితే తెలుస్తుంది.’