వీణ పుట్టినింటికి

మా యింట ఒక వీణ కలదు. 1968వ సంవత్సరమున మా అత్తగారి తండ్రిగారు బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో దానిని చేయించి, ఆమె కాపురమునకు వచ్చునపుడు సారెతో పాటు పంపిరట. ఏటేట మూలా నక్షత్రమునాడు దానికి పసుపుకుంకుమలతో పూజ జరుగును. తక్కిన దినములలో పాత పట్టుచీర కప్పుకొని గదిమూలను నిలిచియుండును. మా అత్తగారికి వ్రేళ్ల కీళ్లు నొప్పి సేయ మొదలిడిన పిమ్మట దానిని మీటినవారు లేరు.

మా చిరంజీవికి పండ్రెండవ యేడు వచ్చినది. వీణ నేర్చుకొనవలెనని దానికి మిక్కుటమైన కోరిక. పాత వీణను దించి తుడిచి చూడగా, సారణి మీటిన జీరధ్వని, అనుమంద్రము మీటిన మూలుగు. సంగీతము చెప్పు పంతులమ్మగారు క్రొత్తది కొనుడనిరి. అదే సమయమున పట్టణములోని గృహస్థుడొకడు తన చావడికి అలంకారముగా పాత వీణను కొందునని వర్తమానమంపెను. ఆ సొమ్మునకు మఱికొంత చేర్చినచో క్రొత్త వీణ వచ్చును. బడిపంతులు జీతముతో సంసారము నడుపువారికి ఇది చిన్నమాట కాదు. అమ్ముదమని మేమంటిమి. "పాత కఱ్ఱలోని నాదము కొత్త కఱ్ఱకు రాదు" అని మా అత్తగారనిరి. ఆ పై ఇరువురమును మాటలాడుట మానితిమి. మూడు దినములు ఇంట గిన్నెల చప్పుడే గాని మాటల చప్పుడు లేదు.

తుదకు మావారు, "వాదమెందుకు? అది పుట్టినచోటికే తీసుకొనిపోదము. పాతదానిని, కొత్తదానిని ప్రక్కప్రక్కన విందము. చెవులే తీర్పు చెప్పును" అనిరి. ఆ విధముగ గత దసరా సెలవులలో మేము నలుగురము, వీణతో ఐదుగురము, ప్రయాణమైతిమి.

విజయనగరమున రాయగడ వైపు పోవు పాసింజరు బండి యెక్కితిమి. నాలుగడుగులు మించిన వీణను రైలులో తీసుకొనిపోవుట పసిబిడ్డను తీసుకొనిపోవుట వంటిదే. నిలువ పెట్టరాదు, క్రింద పెట్టరాదు, ఒకరి యొడిలో తల, ఒకరి యొడిలో కుండ ఉండవలెను. గజపతినగరమున జామకాయల గంపతో ఎక్కిన అవ్వ యొకతె తన గంపను దూరముగ జరుపుకొని, గుడ్డ మీదనే వీణను తాకి కన్నులకద్దుకొనెను. బండి సాగిన కొలది తాటిచెట్ల వెనుక తూర్పుకనుమలు నీలముగ లేచి వచ్చుచుండెను. ఇరువైపుల గోగుచేలు మనిషెత్తున నిలిచియుండెను.

బొబ్బిలి యనగానే మనకు ముందుగ స్ఫురించునది 1757వ సంవత్సరము జనవరి 24వ తేది. బుస్సీ దొర ఫిరంగులు, విజయరామరాజు సేనలు కోటను చుట్టుముట్టిన నాడు లోపలి స్త్రీలు పరులకు చిక్కుట కంటె ప్రాణములు విడుచుట మేలని తలచిరి. ఆ కథను జంగముల నోట వినని తెలుగు ఆడుబిడ్డలు మా తల్లుల నాడు అరుదు. యుద్ధ స్మారక స్తంభమును చూచి, వేణుగోపాలస్వామికి మ్రొక్కి, ఆ రాత్రి పినతల్లిగారి యింట విడిసి, మఱునాడు ఉదయమున గొల్లపల్లి చేరితిమి.

గొల్లపల్లి వీథిలోనికి పోవుసరికే పనసకఱ్ఱ వాసన ఎదురువచ్చినది. సర్వసిద్ధి యను ఇంటిపేరు గల కుటుంబములు తరతరములుగ ఇచట వీణలు చేయుచున్నవి. అరుగు మీద ఒక యువకుడు బాడితతో పనసమొద్దు కడుపు తొలుచుచుండెను. అప్పుడు కోసిన పనస కఱ్ఱ పసుపు ముద్దవలె నుండును. ఏండ్లు గడచిన కొలది ఎఱ్ఱబారి, పిదప నల్లబారును. కుండయు దండియు ఒకే మొద్దులో నుండి తీసినచో దానిని ఏకాండి వీణ యందురు. విడివిడిగ చేసి అతికిన వీణలును కలవు. కుండ గోడ మందముగ నున్న నాదము మూగవోవును. మఱి పలుచనైన పగులును. పనివాడు తొలుచుచు తొలుచుచు నడుమ వ్రేలితో తట్టి చెవియొగ్గుచుండెను. మనము కుండలు కొనునపుడు తట్టి చూచునట్లే. మా చిన్నది అచటనే చతికిలబడి, ఇక పిలిచినను లేవలేదు.

ఇంటి పెద్దాయన మా వీణ మీది చీరను తొలగించి చాలసేపు చూచెను. యాళిముఖము క్రింద నిమిరెను. దండి అంచుల దుప్పికొమ్ము పలకలను చూచి, "ఇప్పుడు వీటి చోట ప్లాస్టిక్ పలకలే వేస్తున్నామండి" అనెను. కుండను తట్టి, "పగులు లేదు. మంచి మాను" అనెను. మావారు మా తగవును అతనికి విన్నవింపగా నవ్వి, నెల క్రిందట ముగించిన క్రొత్త ఏకాండి వీణ నొకటి తెచ్చి మా వీణ ప్రక్కన పెట్టి, రెంటిని ఒకే శ్రుతికి చేర్చెను. మా అత్తగారు గోడ వైపు తిరిగి కూర్చుండిరి. ఆ యింటి కోడలు వీణెరిగినది. ఆమె మొదట ఒకదానిపై, పిదప రెండవదానిపై, నాలుగు తంత్రులను మీటి, ఒకే గీతమును వాయించెను.

"రెండవది నాది" అనిరి మా అత్తగారు, తడుముకొనకుండ.

రెండవది క్రొత్త వీణ.

ఎవరును మాటాడలేదు. మేము గెలిచితిమని తలచితిమి. కాని ఆమె ఇటు తిరిగి, రెండు వీణలను చూచి, కొంగుతో ముఖము తుడుచుకొనినపుడు ఆ గెలుపు మాకు రుచింపలేదు. ఏబది యేండ్లకు పైగ తనదనుకొన్న గొంతును ఆమె గుర్తింపలేకపోయెను గదా!

అపుడా పెద్దాయన అనెను: "అమ్మగారూ, మీ చెవి తప్పలేదండి. ఈ వీణ మీ యింటికి వచ్చిన నాడు ఇదీ కొత్తదే. ఆనాటి గొంతే మీకు గుర్తుంది. అదే ఇప్పుడు ఈ కొత్తదానిలో విన్నారు."

ఆ మాట మాకు ఇప్పటికిని చెవుల మ్రోగుచున్నది. పాతదాని నాదమని మనము మనసున దాచుకొన్నది, అది క్రొత్తదిగ నున్న నాటి నాదమే.

పిదప మా వీణ కేమైనదో అతడు ఒక్కొక్కటిగ చూపెను. కుండపై తంత్రులను మోయు పీటను గుఱ్ఱమందురు. దాని మీద కంచురేకు అమర్చియుండును. ఆ రేకు సమతలము కాదు. కంటికి తెలియని వంపు దానికి కలదు. తంత్రి ఆ వంపును తాకీ తాకక కదలుటచేతనే వీణకు ఆ జుమ్మను జీవనాదము కలుగును. ఏండ్ల తరబడి తంత్రులు ఒరసి ఒరసి మా వీణ రేకుపై గాళ్లు పడినవి. ఆ గాళ్లలో తంత్రి చిక్కుకొని జీర పుట్టినది. దండి మీది ఇరువదినాలుగు మెట్లును తేనెమైనము, గుగ్గిలము, నల్లని పొడి కలిపిన మేళముపై నిలుచును. వేసవి వేడిమికి మైనము మెత్తబడి కొన్ని మెట్లు ఒఱగినవి. వ్రేళ్లు ఎక్కువగ నడచిన మెట్లపై గుంటలు పడినవి. ఇక తంత్రులు మార్చి ఎన్నేండ్లయినదో మాకే తెలియదు. చెమటయు, చిలుమును పట్టిన తంత్రి గంభీరముగ పలికినట్లుండును గాని, నిజమునకు అది అలసిన తంత్రి. మంద్ర, అనుమంద్రముల యందు ఈ మోసము మఱింత అధికము. మూలుగును గాంభీర్యమని మనము భ్రమింతుము.

"ఇందులో కఱ్ఱ దోషం ఒక్కటీ లేదు" అనెను పెద్దాయన. కావ్యములలో వీణ వాయించు నాయికలు ఎందరినో మేము తండ్రిగారియొద్ద చదివితిమి. గుఱ్ఱము సరిచేయించుకొన్న నాయిక యొకతెయు మాకు తారసపడలేదు!

రెండు దినములు పని జరిగినది. కంచురేకును ఆకురాతితో అరగదీసి, తంత్రిని మీటి విని, మరల అరగదీసి, ఇట్లు ఒక పూట గడచినది. పాత మేళమును తొలగించి క్రొత్తది కట్టి, ఒక్కొక్క మెట్టును చెవితోనే స్వరస్థానమునకు జరుపుటకు ఒక దినము పట్టినది. మూడవనాడు మరల పరీక్ష. మా అత్తగారు మరల గోడ వైపు తిరిగిరి. ఈ మారు సారణి మీద, పంచమము మీద ఆమె ఏమియు చెప్పలేకపోయిరి. మాకును భేదము తెలియలేదు. అనుమంద్రము మీటినపుడు మాత్రము ఆమె చేయి పైకి లేచినది. "ఇది" అనిరి. ఈ మారు అది మన వీణయే.

ఆ భేదము మేమును వింటిమి. క్రొత్తదాని అనుమంద్రము బిగ్గరగ, స్పష్టముగ లేచి, వేగముగ అణగినది. పాతదానిది అంత బిగ్గర కాదు. కాని మెల్లగ విచ్చుకొని, చాలసేపు నిలిచి, ఎపుడు ముగిసినదో తెలియకుండ ముగిసినది. ఏండ్ల తరబడి కఱ్ఱలోని తేమ వీడి తేలికపడుట దానికొక కారణమని పెద్దాయన చెప్పెను. వెంటనే, "ఏ మాను గొంతు ఆ మానుదే. అంతా వయసే అనలేమండి" అని చేర్చెను. తన సరకును అమ్ముకొనువాడయ్యు అతడు చెప్పిన ఈ నిజమునకు మేము నమస్కరించితిమి.

చేతికి తెలియు భేదము వేఱు. మా చిన్నది రెండు వీణలను పట్టి చూచినది. క్రొత్తదాని దండి సన్నము, బరువు తక్కువ, మెట్లు సమముగ నుండి వ్రేలు సులువుగ జారును. పాతదాని దండి లావు. బిడ్డ వ్రేళ్లకు నాలుగవ తంత్రి అందుట కష్టము. అయినను, "అమ్మా, ఇక్కడ చూడు, నున్నగా ఉంది" అని దండి అడుగుభాగమును చూపినది. మా అత్తగారి ఎడమ బొటనవ్రేలు దశాబ్దముల పాటు నడచిన చోటది. ఆ నునుపును ఏ ఆకురాయియు చేయజాలదు.

క్రొత్తవానిని నిందించుట మా యుద్దేశము కాదు. వానచినుకు పడిన బిగిసి, ఎండకాచిన జారు కొయ్య బిరడలకు మారుగ గిటారుకు వలె పళ్లచక్రముతో తిరుగు కీలలు వచ్చినవి. శ్రుతి నిలుచును, చిన్న చేతులకు శ్రమ లేదు. మైనము లేకుండ మెట్లను స్థిరముగ బిగించిన వీణలు, ప్రయాణమునకు రెండుగ విడదీయు వీణలు వచ్చినవి. తంత్రుల క్రింద అయస్కాంతపు పరికరము నమర్చి విద్యుచ్ఛక్తితో సభాభవనము చివరి వరుస దాక వినిపింపజేయుచున్నారు. వీణ మెల్లని గొంతుది; మృదంగము ప్రక్కన దాని మాట వినబడుటకు ఈ సాయము అక్కరకు వచ్చును. కాని ఆ పరికరము తంత్రి కదలికనే గ్రహించును. కుండలో తిరుగాడు గాలిని అంతగ గ్రహింపదు. ఇంట, నాలుగు గోడల నడుమ, ఒడిలో పెట్టుకొని వినునప్పటి సుఖము వేఱు.

ఇల్లు చేరిన పిదప మావారు ఒక విశేషము చదివి వినిపించిరి. క్లాడియా ఫ్రిట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు, మఱికొందఱు కలిసి 2010లో అమెరికాలోని ఇండియానాపొలిసు నగరమున ఇరువదియొక్క మంది వయొలిను విద్వాంసులకు కనులు కానరాకుండ నల్లని అద్దములు తగిలించి, మూడు క్రొత్త వయొలినులను, మూడు పురాతనమైనవానిని ఇచ్చిరట. పాతవానిలో రెండు జగత్ప్రసిద్ధుడైన స్ట్రాడివారి చేసినవి. ఎక్కువమంది మెచ్చినది ఒక క్రొత్తదానిని; మెచ్చనిది ఒక స్ట్రాడివారిని! మా అత్తగారు విని, "అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట" అని, ఆ ప్రయాణము తరువాత మొదటిసారి బిగ్గరగ నవ్విరి.

వీణను అమ్మమని ఆ గృహస్థునకు వర్తమానమంపితిమి. గుఱ్ఱమునకు, మేళమునకు, తంత్రులకు అయిన వ్యయము క్రొత్త వీణ వెలలో చిన్న భాగమే. మా చిన్నది దినమును ఉదయమున దానిపై సరళీస్వరములు సాధన చేయుచున్నది. బిరడలు త్రిప్పుటకు దాని చేతులకు బలము చాలదు. నొప్పి వ్రేళ్లతోనే మా అత్తగారు త్రిప్పుచున్నారు. మేము వంటింటిలో నుండి, "ఇంకొంచెము పైకి" అని ఆమె అనుట వినుచుందుము. బిడ్డ చేయి యెదిగి, తేలికైన వీణయే కావలెనన్న నాటికి అక్కరకు వచ్చునని నెలనెల కొంత దాచుచున్నాము. ఈ మాట మా అత్తగారికి ముందుగనే చెప్పితిమి. "కొనండి. కాని నన్ను తీసుకొనిపోయి వినిపించి కొనండి" అనిరి.

సోదరీమణులారా! మీ యింట మూలనున్న వీణను పాతదని అమ్మివేయుటకు ముందును, పాతది కనుకనే గొప్పదని పూజించి విడుచుటకు ముందును, ఒకసారి ఎరిగిన పనివానికి చూపుడు. గుఱ్ఱమును, మేళమును సరిచేయించి, తంత్రులు మార్పించి, పొయ్యి సెగకును, ఎండకును దూరముగ నుంచి, దినమున కొక్క గడియయైనను మీటుడు. ఆ పిమ్మట అది మంచిదో కాదో దాని నోటనే వినుడు.