ఆటపెట్టె పాటలకు తీర్పు

ఈ శీర్షిక జూచి సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. మాగాయ చెడక నిలుచు విధమును గూర్చియో, శిశుపోషణమును గూర్చియో వ్రాయవలసిన బడిపంతులుగారి భార్య, వీడియో గేముల పాటలకు తీర్పు చెప్పుట యేమని యడుగవచ్చును. మా యత్తగారును మొదట నట్లే యడిగిరి. అయినను ఈ వేసవిలో మా యరుగుమీద జరిగినది వట్టి పిల్లల వేడుక కాదు. ఒక తల్లి వచ్చి మమ్ము న్యాయ మడిగిన దినము కూడ నందు గలదు. కావున మీతో చెప్పుకొనుట యుచితమని తలంచితిని.

మా యూరు కొత్తపేటకు సమీపమున కాలువగట్టున నున్నది. మావారు ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పుదురు. పరీక్షలు ముగిసిన పిదప నలుగురు పిల్లలు వచ్చి, "మేష్టారండీ, మేము గేముల పాటల్ని రీమిక్స్ చేశామండి. ఎవరిది బాగుందో మీరే చెప్పాలండి" అని కూర్చుండిరి. మావారికి శ్రుతికిని లయకును గల భేదము తెలియదు. తెలియదని యొప్పుకొనుటకు సిగ్గును లేదు. "అమ్మగారి నడగండర్రా" యని వారు పొలము చూచుటకు బోయిరి. ఆ విధమున నీ పని నా పాలబడినది.

నాకీ పాటలు బొత్తిగా తెలియనివియు గావు. చిన్ననాట మా నాన్నగారు నాకు సావడిలో వసుచరిత్రము చెప్పుచుండగా, ప్రక్కగదిలో మా తమ్ముడు టీవీకి తగిలించిన ఆటపెట్టెతో మారియో ఆడుచుండెడివాడు. పద్యమునకును పద్యమునకును నడుమ నా పాట చెవిని బడుచుండెడిది. ఇన్నేండ్ల పిమ్మట పద్యములు కొన్ని మఱచితిని గాని యా పాట మఱవలేదు. దానిని 1985లో జపానునందు కోజి కోండో యను నాతడు కూర్చెను. ఆ కాలపు యంత్రమున స్వరములు పలుకు ధారలు మూడు, తాళమునకై ఱొద చేయు ధార యొకటి, చిన్నచిన్న శబ్దముల నెత్తి పలికించునది మఱియొకటి యుండెను. అంత యిఱుకుచోట కట్టిన పాట గనుకనే యొక్క స్వరమైన వ్యర్థము గాకుండ నిలిచెనని నాకు తోచును.

రీమిక్స్ అనగా నేమి? ఒకరు కట్టిన వరుసను గైకొని, దాని రూపు పోకుండ, వేఱు వాద్యములతో, వేఱు నడకతో, తన యూహ జేర్చి మరల కూర్చుట. ఇది మనకు క్రొత్తయా? శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగించుట యట్టిది కాదా? ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణపు దొరల బ్యాండువారు వాయించు పాశ్చాత్యపు వరుసలు విని, వానికి సంస్కృతసాహిత్యము గూర్చిరి. అట్టివి సుమారు 40 నేటికిని నోటుస్వరసాహిత్యము లను పేర పిల్లలు నేర్చుచున్నారు. పరుల వరుస ముట్టినందున వారి ఘనత తగ్గినదని యెవ్వరు ననలేదు.

ఈ ఆటపాటల మారుకూర్పునకు వెలిదేశములయందు పెద్ద వ్యవస్థయే గలదు. అమెరికాలో డేవిడ్ లాయిడ్ అను నాతడు 1999లో ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ అను సంస్థను నెలకొల్పెను. ఆటలయం దభిమానము గలవారు కూర్చి పంపిన పాటలను అచ్చటి తీర్పరులు విని, తగినవానిని ధనము గొనక లోకమునకు వినిపింతురు. వారి తీర్పులు మూడు తెఱగులు: అంగీకారము, నిరాకరణము, సవరించి మరల పంపుమనుట. మూడింటికిని కారణములు వ్రాయుదురు. మూలపు పాట గుర్తింపదగినట్లు ప్రధానముగ నుండవలెను. అయినను మూలమునే మక్కికి మక్కి దింపరాదు. సందేహము గలిగినచో గడియారము పట్టి, మూలము పాటలో సగముకాలమైన వినబడునా యని లెక్కించుటయు గలదు. ఇది చదివినప్పుడు మా నాన్నగారు అనువాదపద్యమును మూలశ్లోకము ప్రక్కనిడి పరీక్షించుట జ్ఞప్తికి వచ్చినది.

సోదరీమణులకు ముఖ్యముగ చెప్పవలసిన దొకటి గలదు. మగపిల్లల ఆటలని మనము త్రోసివేయు వాని పాటలలో ననేకము స్త్రీలు కట్టినవే. మెగామాన్ అను ఆటకు 1987లో మనామి మాట్సుమాయె పాటలు గూర్చెను. ముష్టియుద్ధపు ఆటయైన స్ట్రీట్ ఫైటర్ రెండవదానికి 1991లో పాటలు చాలవఱకు యోకో షిమోమురా కట్టెను. ఆమె పియానో చదువు ముగించి, పియానో నేర్పు నుద్యోగము చేతికందియుండగా దానిని విడిచి ఆటల కంపెనీలో జేరెను. ఆ యాట పాటలను 2006లో పైసంస్థవారి యభిమానులు మరల కూర్చి సంపుటముగ వెలువరింపగా, 2008లో ఆ యాటను క్రొత్తరూపమున దెచ్చిన కాప్‌కామ్ కంపెనీవారు సంగీతము నా యభిమానులచేతనే చేయించుకొనిరి. ముచ్చటకు చేసినపని మూలస్థానమునకే చేరెనన్నమాట.

ఇక మా పోటీ. తీర్పరులము మువ్వురము: నేను, మా దేవాలయమున నాదస్వరము వాయించు విద్వాంసులు, రాజమహేంద్రవరమున పాటలు రికార్డు చేయుచోట పనిచేయు మావారి పూర్వశిష్యురా లొకతె. విద్వాంసులకు తాతగారి వయస్సు. ఆటపెట్టె మొగ మెఱుగరు. మొదటి దినమున మూలపు పాటలు వినిపింపగా "ఈ పీపీలేమిటి తల్లీ!" యనిరి. గడియ గడవకముందే వారి వ్రేళ్ళు మోకాలిమీద తాళము వేయుచుండెను.

నియమములు నాలుగే పెట్టితిమి. మూలము సగముకాలము వినబడవలెను. మూలపు ధ్వనినే యెత్తి యతికింపరాదు. పాట యైదు నిమిషములు మించరాదు. కూర్చినవారి పేరు తీర్పరులకు తెలియరాదు. ఈ నాలుగవదానికై మావారు పాటలకు సంఖ్యలువేసి, పేర్లచీటీ కవరులో నంటించి బీరువాలో పెట్టిరి. మా సీమలో నెవరి పేరు విన్నను, వెంటనే యే వీథివారని యడుగు నలవాటున్నది గదా! పాటకు వీథి యుండరాదని నాకు తోచినది. ఆ వరుసలు కంపెనీల సొత్తగుటచే నెవ్వరును వానిని విక్రయింపరాదని పిల్లలకు ముందే చెప్పితిమి.

తొమ్మిది పాటలు వచ్చినవి. ఒకడు మారియో పాటను కంప్యూటరులోని నాదస్వరముతో పలికించెను. విద్వాంసులు విని, "స్వరాలన్నీ ఉన్నాయి గానీ ఊపిరి లేదమ్మా. మనిషి ఎక్కడో ఒకచోట గాలి పీల్చాలి గదా" యనిరి. ఆ పిల్లవానికి మేము వ్రాసి యిచ్చిన కారణము నిదియే. మఱియొకడు మూలపు పాటనే వేగము పెంచి, క్రింద తీన్‌మారు డప్పు చేర్చి పంపెను. ఉత్సవవిగ్రహము పొరుగూరిది, పూలదండమాత్రము మనది యైనట్లుండెను, నిరాకరించితిమి. కాంట్రా పాటకు గరగల డప్పు నడక గట్టిన కుఱ్ఱవాని పని మెచ్చదగినదే గాని, డప్పు పెచ్చుపెరిగి వరుసను మ్రింగివేసినది. పులుసులో ఇంగువ యెంతవఱకో మనకు తెలిసినట్లు, ధ్వనుల పాళ్ళు ఆ రాజమహేంద్రవరపు పిల్లకు తెలియును. ఏ వాద్యము నెంత తగ్గింపవలెనో యామె సంఖ్యలతో వ్రాసి యిచ్చెను.

ఏడవ సంఖ్యగల పాటయొద్ద మేము చిక్కుకొంటిమి.

అది టెట్రిస్ పాట. ఆ యాటను 1984లో మాస్కోయందు అలెక్సీ పజిత్నోవ్ కల్పించెను. పైనుండి పడు ఇటుకలను సందు లేకుండ పేర్చుటయే ఆట. 1989లో చేతిలో నిముడు గేమ్‌బాయ్ యంత్రమునందు దానికి జేర్చిన పాట రష్యావారి జానపదగీతము, కొరొబేనికి. దాని మాటలు నెక్రసోవ్ అను కవి 1861లో వ్రాసిన కావ్యములోనివి. ఊరూర తిరిగి గుడ్డలమ్ము వర్తకుడు, అతనితో బేరమాడు పడుచు – మన గాజుల మలారమువాని కథవంటిది. వరుస మన కీరవాణిని దలపించునని విద్వాంసులు చెప్పిరి. అనగా నా మూలమే యొక మారుకూర్పు.

ఏడవ సంఖ్యవారు దానికి తాళముగా నేమి గ్రహించిరో యెఱుగుదురా? కొబ్బరి ఒలుపు. నేల పాతిన యినుపగునపమునకు కాయను గ్రుచ్చు చప్పుడు, త్రిప్పినప్పుడు డొక్క చీలు చప్పుడు, రెండవమారు చీలుట, కాయ రాశిమీద పడుట – నాలుగు దెబ్బలు. ఇటుకలు పడు నాటకు కాయలు పడు తాళము! మా మువ్వురకును మాట రాలేదు. కాని పాట సగమైన పిదప వరుస జారిపోయి, ఒలుపు చప్పుడే రెండునిమిషములకు పైగా సాగినది. విద్వాంసులు "ఇంతకన్న బాగున్నది మరొకటి లేదు, దీనికే మొదటిది" యని పట్టుపట్టిరి. నేను గడియారము పట్టితిని. పాట నాలుగు నిమిషముల 10 సెకండ్లు. మూలము వినబడినది 84 సెకండ్లు. మూడవవంతు. ఈ లెక్కచేతనే మఱి యిద్దఱు పిల్లల పాటలను నిరాకరించియుంటిమి. వారికొక నియమము, దీని కొక నియమము నెట్లు? రాత్రి పదిగంటలవఱకు వాదించుకొని, తుదకు "సవరించి యెనిమిది దినములలో మరల తెమ్ము" అని వ్రాసితిమి. మొదటి బహుమానము నంతవఱ కాపితిమి.

మఱునాటి సాయంకాల మొక యామె వచ్చి మా గుమ్మము వెలుపలనే నిలిచెను. ఏడవ సంఖ్య ఆమె కూతురిదట. తీర్పుచీటీ చూచి పిల్ల యన్నము ముట్టలేదట. తండ్రి ఒలుపు కూలి.

"అమ్మగారండీ, ఒక్క మాట అడుగుతానండి. మా పిల్లని తెలిసే ఆపేశారాండి?"

ఆ ప్రశ్న యామె నోట వచ్చుటకు వెనుక నెన్ని సంవత్సరముల యనుభవ మున్నదో నేను వేఱుగ చెప్ప నక్కఱలేదు. లోనికి రండని పిలిచి, కుర్చీ వేసి, మావారిచేత బీరువాలోని కవరు తెప్పించితిని. అంటు విప్పలేదు. మావారి సంతకము దానిమీద నటులే యున్నది. ఆమె దానిని చేతబట్టి త్రిప్పి చూచెను. తృప్తి కలుగలేదు, కలుగవలసిన పనియు లేదు. పేరు తెలియకయు నన్యాయము చేయవచ్చును గదా.

"మీరు నాట్లలో పాడుతారా?" యంటిని.

"ఆయ్, పాడతామండి."

"అయితే మీరే వినండి. ముందు అసలు పాట వినిపిస్తాను. తరువాత మీ అమ్మాయి పాటలో అది ఎక్కడ వినిపిస్తే అక్కడ వేలెత్తండి. లేనిచోట దింపండి."

మూలము రెండుమార్లు వినెను. పిమ్మట కూతురి పాట. మొదట వ్రేలు లేచినది. తాళములో మగని గునపము మ్రోగగానే యామె మోమున నొక వెలుగు వచ్చెను. అది నేను మఱవను. కొంతసేపటికి వ్రేలు మెల్లగా దిగినది. చాలసేపు దిగియే యున్నది. చివర మరల లేచినది. పాట ముగిసిన పిదప నామె కొంతసేపు మాటలాడక,

"మధ్యలో పాట పోయిందండి. వాళ్ళ నాన్నే మిగిలాడండి" అనెను.

ఇంతకంటె చక్కని తీర్పు మా మువ్వురిలో నెవ్వరమును వ్రాయలేదు. కళాపూర్ణోదయమున నారదుడు తుంబురుని మించు గానవిద్యకై జాంబవతియొద్దను, సత్యభామయొద్దను, రుక్మిణియొద్దను శిష్యుడై నేర్చిన కథ చదువునప్పుడు, అంతఃపురములో నింత విద్య యెట్లుండెనని చిన్ననాట నడిగెడిదానను. నాట్లలో నొకతె యెత్తిన పాట రెండవగట్టునకు చేరులోపల వరుస తప్పినదో లేదో కనిపెట్టు చెవులు మన యూళ్ళ నెన్ని గలవో!

"పిల్లకు ఏమని చెప్పమంటారండి?" అని యామె యడుగగా, మీరిప్పు డన్న మాటయే చెప్పుడంటిని.

ఎనిమిదవ దినమున పాట మరల వచ్చినది. ఒలుపు చప్పుడు పోలేదు. దానిక్రింద వరుస సన్నగా, ఆగకుండ సాగుచున్నది. ఒకచోట కాయ పడు దెబ్బకును స్వరమునకును నడుమ పిల్ల యించుక విరామము పెట్టినది. "అదిగో, ఊపిరి!" యని విద్వాంసులు తొడ చఱచుకొనిరి. గడియారము పట్టగా సగమునకు పైగా మూలము వినబడినది. మావారు కొనితెచ్చిన హెడ్‌ఫోన్లు ఆ పిల్లకు మొదటి బహుమానముగ నిచ్చితిమి.

నిరాకరింపబడిన యిద్దఱు పిల్లలును వచ్చి, ఆమెకు రెండవ యవకాశ మిచ్చి తమకేల యీయలేదని తగవులాడిరి. వారి పాటలలో సవరించుటకు దగిన సొంత కల్పన లేదని వ్రాసిన కారణమునే మరల చదివి వినిపించితిని. ఒకడు సమాధానపడెను, రెండవవాడు నేటికిని నన్ను చూచి మొగము త్రిప్పుకొనును. దసరా సెలవులకు మరల పోటీ పెట్టవలెనని పిల్లలు పట్టుపట్టుచున్నారు. ఈసారి తీర్పరులు నలుగురము. నాలుగవవారు నాట్లు ముగిసిన పిదప వత్తు ననిరి.