పల్లె చర్చి ముంగిట రాతి శిలువలు

ఇంగ్లాండు దేశపు పల్లెలలో, పురాతనమైన చర్చిల ఆవరణలయందు, సమాధుల నడుమ, మెట్ల అరుగులపై నిలిచిన రాతి కంబములు అనేకము కలవు. మధ్యయుగమున అవి శిలువలు. మట్టల ఆదివారమునాటి ఊరేగింపు వాని చెంత ఆగెడిది. తమకంటూ సమాధిరాయి నోచుకొనని పేదలందరకును ఆ ఒక్క శిలువయే గురుతు. నేడు పెక్కింటికి శిరోభాగము లేదు. మెట్లును మొండి కంబమును మాత్రమే మిగిలినవి.

ఉర్దూ చదువువారము, తెలుగు చదువువారము ఒకే తరగతిలో కూర్చుండు మాకు, వీనిలో కంబ్రియా సీమయందలి గోస్‌ఫర్త్ శిలువ మిక్కిలి ఆప్తముగా తోచినది. 10వ శతాబ్దికి చెందిన ఆ సన్నని శిల 14 అడుగులకు పైగా ఎత్తు కలిగి, సెయింట్ మేరీ చర్చి ఆవరణలో నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. సముద్రము దాటివచ్చిన నార్సు జాతివారు ఆ సీమలో స్థిరపడిన కాలమున దానిని చెక్కిరి. ఒకవైపున శిలువపై క్రీస్తు. మరియొకవైపున బంధింపబడిన లోకీ, అతనిపై పడు సర్పవిషమును పాత్రతో పట్టుచున్న భార్య సిగిన్. క్రొత్త విశ్వాసమును స్వీకరించుచున్న ఆ జనులు తాతలనాటి కథలను చెరిపివేయలేదు. రెండింటికిని ఒకే రాతిపై చోటిచ్చిరి.

తరువాతి కాలమున అట్టి ఓర్పు కరవైనది. 16వ శతాబ్దిలో, మతసంస్కరణతో, శిలువలను కూల్చుట మొదలైనది. 1643లో పార్లమెంటు, చర్చిలయందును వాని ఆవరణలయందును ఉన్న శిలువలను తొలగింపవలెనని శాసించినది. విరిచినవారు పరమతస్థులు కారు, క్రైస్తవులే. అవి విగ్రహారాధనకు దారితీయునని వారు మనఃపూర్వకముగా నమ్మిరి. మేలు చేయుచున్నామను నమ్మకముతో పట్టిన సుత్తికి జాలి ఉండదని మాకు ఇక్కడ బోధపడినది.

అయినను అందరును సుత్తి పట్టలేదు. గ్లోస్టర్‌షైర్‌లోని ఆంప్నీ క్రూసిస్ గ్రామమున, 15వ శతాబ్దపు శిలువ యొక్క శిరోభాగము 19వ శతాబ్దిలో చర్చి గోడలో బయల్పడినది. ఎవరో దానిని పగులగొట్టక, రాళ్ల మధ్య ఇమిడ్చి గోడ కట్టిరి. శిలువపై క్రీస్తును, బాలయేసుతో మరియమ్మను చూపు ఆ తల తిరిగి తన కంబము నెక్కినది.

తోడి విద్యార్థులారా! పరీక్షలో 1643 అను అంకె వ్రాసి మార్కులు పొందుదుము. ఆ గోడ కట్టినవాని పేరు ఏ ప్రశ్నపత్రములోను రాదు. తన కాలము వలదన్నదానిని తరువాతి కాలమునకై దాచియుంచిన ఆ చేతులను కూడ చరిత్రలో లెక్కింపవలెనని మా మనవి.