కృత్తికల బండిలో కొండ దాటాం

క్రైస్ట్‌చర్చ్‌లో ఏ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లోకి వెళ్లినా పొడుగ్గా, వెనక పెద్ద డిక్కీతో, బానెట్ మీద ముక్కుపుటం లాంటి కన్నంతో ఓ పాత కారు కనిపిస్తుంది. సుబారు లెగసీ జీటీ వ్యాగన్. అందులో ఒకటి మాది. 2004 మోడల్, ముదురు నీలం, మీటర్ మీద 1,96,700 కిలోమీటర్లు. చూస్తే కూరగాయలు తెచ్చుకునే బండిలా ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం వీపు సీటుకి అతుక్కుపోతుంది. రెండు లీటర్ల ఇంజిన్, టర్బో, 260 హార్స్‌పవర్.

మన దగ్గర స్టేషన్ వ్యాగన్లు పెద్దగా నడవలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలేనో ఆల్టురా వచ్చింది. రెండూ ఎక్కువకాలం నిలవలేదు. మనకి కారంటే డిక్కీ విడిగా తోకలా ఉండాలి, లేదంటే జీపులా ఎత్తుగా ఉండాలి. న్యూజిలాండ్‌లో అలా కాదు. పిల్లల సైకిలు, టెంటు, రెండు బస్తాల సోనామసూరి బియ్యం, పైన ఓ కుక్క. అన్నీ ఒకే బండిలో పట్టాలి.

ఇవన్నీ జపాన్‌లో ఒకసారి వాడేసినవే. అక్కడ కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకోసారి 'షాకెన్' అనే పెద్ద తనిఖీ ఉంటుంది. దాని ఖర్చు భరించలేక చాలామంది బండి మార్చేస్తారు. ఆ పాతవి ఓడెక్కి ఇక్కడికొస్తాయి. న్యూజిలాండ్‌లోనూ మనలాగే స్టీరింగ్ కుడివైపు, నడపడం ఎడమవైపు కాబట్టి మార్చాల్సిందేమీ ఉండదు. వేలం కాగితం మీద కారు బొమ్మ గీసి, గీతలున్నచోట 'ఏ' అని, సొట్టలున్నచోట 'యు' అని రాస్తారు. గ్రేడ్ దగ్గర 'ఆర్' కనిపిస్తే ఎప్పుడో గుద్దుకుని రిపేరైన బండి అని అర్థం. నేను కొన్న దానికి నాలుగు 'ఏ'లు, ఒక 'యు' ఉన్నాయి. 'ఆర్' లేదు. అది చూశాకే డబ్బు కట్టాను.

కొన్నాళ్లు తమాషాగా ఉంటుంది. తాళం తిప్పగానే ఓ జపాన్ అమ్మాయి గొంతు మర్యాదగా ఏదో చెబుతుంది. టోల్ కార్డు పెట్టలేదని చెబుతోందట. ఇక్కడ ఆ కార్డే లేదు. నావిగేషన్ తెరలో జపాన్ మ్యాప్ తప్ప ఇంకేమీ ఉండదు, దాని లెక్కలో మనం ఎప్పుడూ సముద్రంలోనే నడుపుతుంటాం. జపాన్ ఎఫ్ఎం పరిధి వేరు కాబట్టి రేడియోకి విడిగా చిన్న డబ్బా తగిలించకపోతే ఇక్కడి స్టేషన్లు సగానికిపైగా రావు.

మా ఆయనకి మాత్రం ఈ తమాషా ఎప్పుడో అయిపోయింది. "టైమింగ్ బెల్ట్ మార్చే టైమొస్తోంది. ఆ ఖర్చు బండి రేటులో మూడోవంతు. అమ్మేసి హైబ్రిడ్ తీసుకుందాం" అంటాడు. లెక్కలో తప్పేం లేదు. ఈ ఇంజిన్‌లో ఆ రబ్బరు బెల్ట్ తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంజిన్ అక్కడితో సరి. ఇదంతా జరుగుతుండగా అమ్మానాన్న మార్కాపురం నుంచి దిగారు. మే నెల ఎండలు తప్పించుకుందామని వచ్చి, ఇక్కడి చలికాలంలో ఇరుక్కున్నారు పాపం.

నాన్న ఆర్టీసీ మార్కాపురం డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సులకి ఆయన చేయి పడాల్సిందే. వచ్చిన రెండోరోజే స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని బానెట్ ఎత్తించారు.

"ఇంజినేదమ్మా?"

నిజమే, పైన కనిపించేది ఇంటర్‌కూలర్. బానెట్ మీది కన్నంలోంచి వచ్చే గాలి దాన్ని చల్లబరుస్తుంది. దాని కింద నాలుగు సిలిండర్లు నిలబడి కాదు, పడుకుని ఉంటాయి, రెండు ఇటు, రెండు అటు. స్పార్క్ ప్లగ్గులు పక్కల్లో ఇరుకులో ఉంటాయి. చేయి పట్టాలంటే బ్యాటరీ కూడా తీయాలి. నాన్న టార్చి వేసి చూసి, "మా డిపోలో డ్రైవర్లు పడుకునేవాళ్లు గానీ ఇంజిన్లు పడుకునేవి కాదు తల్లీ" అన్నారు.

టర్బో గురించి ఆయనకి కొత్తగా చెప్పక్కర్లేదు. బస్సుల్లో చూసిందే. ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న ఫ్యాన్‌ని తిప్పుతుంది. అదే షాఫ్ట్ మీద రెండో వైపున్న ఫ్యాన్ బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం ఎక్కువొస్తుంది. ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అది కూడా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. కాబట్టి టర్బో బండి బాగోగులంటే తొంభై శాతం ఆయిలే. నేను ఐదువేల కిలోమీటర్లకి మార్పిస్తాను. టర్బోకి ఆయిల్ తీసుకెళ్లే పైపు బోల్టు లోపల గోరంత జల్లెడ ఒకటుంటుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లలో అది మడ్డితో పూడిపోతుంది, టర్బో నోరెండి చస్తుంది. పాత బండి కొనేవాళ్లు పెయింట్ కంటే ముందు దాని గురించి అడగాలి. ఇంకోటి, టైర్లు. నాలుగు చక్రాలకీ శక్తి అందే బండి కాబట్టి నాలుగు టైర్లూ ఒకేలా అరిగి ఉండాలి. ఒకటి చిరిగిందని ఒక్కటే కొత్తది వేస్తే గేర్‌బాక్స్ లోపల దెబ్బతింటుంది. మాకు ఒక పంక్చర్ నాలుగు టైర్ల బిల్లయింది. ఆ రోజు మా ఆయన అన్నం కూడా సరిగా తినలేదు.

ఇంజిన్ ముందుభాగంలో జపాన్ మెకానిక్ అంటించిన స్టిక్కర్ ఒకటుంది. నాన్నకి జపనీస్ రాదు గానీ అంకెలు వస్తాయి కదా. 98,400 కిలోమీటర్లు, 26. ఆ 26 జపాన్ చక్రవర్తి కాలం లెక్క, అంటే 2014. బెల్ట్ అప్పుడు మార్చారు. లక్ష కిలోమీటర్ల గడువు 1,98,400తో అయిపోతుంది. "ఇంకా పదిహేడు వందలుంది. కానీ రబ్బరుకి పదేళ్లు వచ్చాయి కదమ్మా" అని, 10 నంబర్ స్పానర్‌తో పక్కనున్న ప్లాస్టిక్ మూత ఊడదీసి, బెల్ట్ పళ్లు టార్చితో చాలాసేపు చూశారు. పగుళ్లు లేవు. ఈ ప్రయాణం అయ్యాక తేలుద్దాం అన్నారు. అల్లుడి ముందు అంతకంటే ఏమీ అనలేదు.

ప్రయాణం ఎందుకంటే 2024 జూన్ 28న మతారికి. మావోరీల కొత్త సంవత్సరం అన్నమాట. 2022 నుంచి ఇక్కడ ప్రభుత్వ సెలవు. కొన్నాళ్లు కనిపించకుండాపోయిన ఓ నక్షత్రాల గుంపు నడి చలికాలంలో తెల్లవారకముందు మళ్లీ తూర్పున కనిపించడమే ఆ పండగ. సెలవు కలిసొచ్చింది, కొండలు దాటి పడమటి తీరాన ఉన్న హొకిటికాకి వెళ్దామనుకున్నాం. పోనూ రానూ ఐదొందల కిలోమీటర్లు.

98 ఆక్టేన్ పెట్రోలు ముందురోజే ట్యాంకు నిండా కొట్టించాను. ఈ ఇంజిన్ జపాన్ ప్రీమియం పెట్రోలుకి తయారైంది, చిన్న ఊళ్లలో 91, 95 మాత్రమే దొరుకుతాయి. నాన్న వెంటనే కేఎంపీఎల్ లెక్క తీశారు. 64 లీటర్ల ట్యాంకు, లీటరుకి తొమ్మిది. "వచ్చేదాకా సరిపోద్ది. మా కాలంలో ఈ కేఎంపీఎల్‌కి మెమో ఇచ్చేవాళ్లు."

ఐదున్నరకి బయల్దేరాం. ఐదుగురం, మా పాప నిద్రలోనే. షెఫీల్డ్ దగ్గర పొలాల పక్కన ఆపాను. గడ్డి మీద మంచు గాజుముక్కల్లా గడ్డకట్టి ఉంది. ముందు దిగింది అమ్మే. శాలువా తల మీదుగా కప్పుకుని తూర్పుకి చూసి, "అదిగో గొల్లకావడి" అంది. వరసగా మూడు చుక్కలు. అక్కణ్నుంచి ఎడమకి చేయి జరిపి, "ఇదిగో పిల్లలకోడి. కార్తీకంలో సాయంత్రం వచ్చేది, ఇక్కడ తెల్లారుజామున వచ్చిందేంటి?"

కృత్తికలు. మావోరీలు మతారికి అనేది వాటినే. జపాన్‌వాళ్లు సుబారు అనేదీ వాటినే. కారు ముందున్న గుర్తులో ఒక పెద్ద చుక్క, ఐదు చిన్న చుక్కలు ఉండేది అందుకే. 1953లో ఐదు కంపెనీలు కలిసి ఒకటైన లెక్క కూడా అందులోనే ఉంది. పాప లేచి కారు గుర్తు మీద మంచు తుడిచి లెక్కపెట్టింది. ఆరు. ఆకాశంలో తనకి ఏడు కనిపించాయని గొడవ.

స్ప్రింగ్‌ఫీల్డ్ దాటితే మైదానం ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎదురుగా పోర్టర్స్ పాస్ లేస్తుంది. పేరు ఆర్థర్స్ పాస్‌దే గానీ, ఎత్తు దీనిదే కాస్త ఎక్కువ. ఇక్కడ తెలుస్తుంది టర్బో దేనికో. గాలి పల్చబడేచోట, ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉండి, చిన్న హైబ్రిడ్ అయితే ఇంజిన్ అరిచే ఎక్కుడులో ఇది రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర గొణుగుతూ ఎక్కేసింది. మా ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. విన్నాడని నాకు తెలుసు.

క్యాసిల్ హిల్ దగ్గర సున్నపురాళ్లు ఏనుగుల మందలా నిలబడి ఉంటాయి. మావోరీలకి అది పవిత్ర స్థలం. ఫొటోలు తీసుకుని, ఆర్థర్స్ పాస్ ఊళ్లో టీ తాగి, పైన డెత్స్ కార్నర్ అనే చోట ఆగాం. కింద ఒటిరా వయాడక్ట్. 440 మీటర్ల పొడవు వంతెన, 1999లో తెరిచారు. అంతకుముందు అక్కడ కొండరాళ్లు జారే వంకరదారి ఉండేది.

మేం వంతెన చూస్తుంటే వెనకనుంచి టప్ మని శబ్దం. కియా. ఆకుపచ్చ కొండచిలుక, రెక్కల కింద నారింజ రంగు. వైపర్ రబ్బరు ముక్కుతో పట్టి లాగుతోంది. వీటికి కార్ల రబ్బరంటే మహా ఇష్టం. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి, కొట్టకూడదు, తిండి పెట్టకూడదు. నాన్న తువ్వాలు ఊపుతూ, "శ్రీశైలం కోతులే నయం, అవి అరటిపండుతో పోయేవి" అన్నారు. వైపర్ బతికింది, అంచు కాస్త చిరిగింది.

అక్కణ్నుంచి దిగుడు. కొన్నిచోట్ల వందకి పదహారు వాలు. "బ్రేక్ మీద కాదమ్మా, గేర్లో దించు" అని వెనకసీట్లోంచి డిపో గొంతు. గేర్ మాన్యువల్‌కి మార్చి రెండో గేర్లో దించాను. ఓ చోట జలపాతం నీళ్లు రోడ్డు పైన కట్టిన కాంక్రీటు కాలువలో మన నెత్తి మీదుగానే దాటిపోతాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇక్కడ బండి ఆగితే ఏం చేయాలన్నదే మా ఆయన అసలు భయం. ఖర్చు పైకి చెప్పే మాట, అంతే.

కొండకి ఇవతల అంతా వేరే దేశం. క్రైస్ట్‌చర్చ్‌లో ఏడాదికి వాన 600 మిల్లీమీటర్ల చుట్టూ, హొకిటికాలో 2,900 దాకా. చెట్ల మీద చెట్లు, ఫెర్న్‌లు, నాచు. హొకిటికా బీచ్‌లో ఈత కొట్టేవాళ్లు లేరు. వరదకి కొట్టుకొచ్చిన మానులు మాత్రం గుట్టలుగా పడి ఉన్నాయి. అమ్మ పచ్చరాయి షాపుల్లో గంట గడిపింది. పొనాము అంటారు, ఇక్కడివాళ్లకి మన బంగారంతో సమానం. నాన్న అన్ని షాపుల బయటా నిలబడి, ఇంజిన్ చల్లారాక ఆయిల్ గేజ్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూశారు. ఈ బండిలో ఆ కడ్డీ చదవడం ఓ విద్య, రెండువైపులా రెండు గుర్తులు కనిపిస్తాయి, తక్కువున్నదే నమ్మాలి. అర లీటరుకి కాస్త తక్కువ పట్టింది. ఇంత నడిచిన టర్బో ఇంజిన్ ఆ మాత్రం తాగుతుంది, అందుకే డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో అదే వాలు ఎక్కాలి. ముందు ఓ లారీ. దాన్ని దాటే చోటు రాగానే తొక్కాను. ఒక్క క్షణం ఆలోచించి, ఆ తర్వాత తోసింది. ఉష్ణోగ్రత ముల్లు కదల్లేదు. పైకొచ్చాక ఆపబోతుంటే వెనకనుంచి ఇద్దరు ఒకేసారి "ఒక్క నిమిషం ఉంచు" అన్నారు. నాన్న, మా ఆయన. టర్బో చల్లారకుండా ఆపకూడదని ఆయనకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలీదు.

ఇంటికొచ్చేసరికి మీటర్ 1,97,230. రాత్రి అన్నాల దగ్గర మా ఆయనే నాన్నని అడిగాడు, "ఏమంటారు మామయ్యా?" నాన్న పెరుగు కలుపుకుంటూ, "మీ ఊళ్లో లెక్క నాకు తెలీదు బాబూ. ఇంజిన్ మాత్రం బాగుంది. బెల్ట్ ఒక్కటే వేయకండి. వాటర్ పంపు, టెన్షనర్, పుల్లీలు అన్నీ ఒకేసారి వేయించండి" అన్నారు. హైబ్రిడ్ పేజీ మా ఆయన ఫోన్‌లో ఇంకా తెరిచే ఉంది. కానీ సోమవారం గ్యారేజీకి ఫోన్ చేసింది తనే.

ఆ గురువారం నాన్న పొద్దున్నే నాతో గ్యారేజీకి వచ్చారు. మెకానిక్‌కి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరూ చాలాసేపు పక్కపక్కనే వంగి నిలబడ్డారు. పాత పుల్లీని వేలితో తిప్పితే గరగరమంది, గ్రీజు ఎండిపోయింది. మెకానిక్ తల ఊపి, నాన్న కూడా ఊపారు. పాత బెల్ట్ ఇవ్వమని సైగ చేసి తెచ్చుకున్నారు. దాన్ని సూట్‌కేసులో అమ్మ చీరల పక్కన పెట్టినందుకు పెద్ద గొడవైంది. ఇప్పుడది మార్కాపురంలో మా పెరట్లో నీళ్ల డ్రమ్ము మూతకి పట్టీగా ఉంది. బిగుతుగానే ఉందట.